తుల్సీరాం బస్సులో వయసు దాగదు

తుల్సీరాం కండక్టరుగా ఉన్న బస్సులో ఆడమనిషి ఎక్కిందంటే ఆమె వయసు డ్రైవరు నుంచి వెనక సీటు దాకా అందరికీ తెలిసిపోతుంది. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే పొద్దుటి పల్లెవెలుగు ఆయనది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తారు. మిగతా కండక్టర్లు కార్డు మీద ఫొటో చూసి టికెట్ చింపి ఇచ్చేస్తారు. తుల్సీరాం ఫొటో జోలికి పోడు. పుట్టిన తేదీ చూస్తాడు, పెదవులు కదుపుతూ లెక్క కడతాడు, తర్వాత వేలం పాట పాడే మనిషిలా ప్రకటిస్తాడు.

"ముప్పై నాలుగు. ఇంక ఆరేండ్లున్నయ్."

ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. ఏన్కూరు స్టేజీలో బస్సు ఆగినప్పుడు ఆయన ఎవరి వయసైనా చదివితే ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నవాళ్లు కూడా తలెత్తి ఎవరిదా అని చూస్తారు.

నేను కొత్తగూడెంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఇల్లు తల్లాడకు మారిన మొదటి రోజే ఆ బస్సెక్కాను. పక్కన మా టైపిస్టు భాను ఉంది. భానుకు నా వయసు ముప్పై ఎనిమిదని చెప్పి ఉన్నాను, ఆమె కూడా పెద్దమనసుతో నమ్మింది. తుల్సీరాం నా కార్డు తీసుకున్నాడు.

"ఫ్లోరెన్స్. నలభై రెండు," అన్నాడు. ఒక క్షణం ఆగి, "పోయింది మేడం," అని కూడా అన్నాడు.

ఏం పోయిందని పళ్లు కొరుకుతూ అడిగాను. నలభై పోయిందట. ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. గవర్నమెంటా కాంట్రాక్టా అన్నాడు. గవర్నమెంటే అన్నాను. ఆయన ముఖం ఒక్కసారిగా తేటపడింది.

"అయితే నీకేం రంది లేదు. నిలబడు," అని ముందుకు వెళ్లిపోయాడు.

నిలబడు అని ఎందుకన్నాడో నాలుగు రోజులకు గానీ అర్థం కాలేదు. బస్సులో కండక్టరు సీటు ఒకటి ఉంటుంది కదా, దానిలో తుల్సీరాం కూర్చోగా నేను చూడలేదు. నలభై దాటి, వెనక ఏ పీఎఫ్ గానీ పెన్షన్ గానీ లేని ఆడమనిషి ఎవరెక్కినా ఆ సీటు ఆమెదే. మా ఆఫీసుకు చాయ్ తెచ్చే విశ్రాంతమ్మ ఎక్కితే పిలిచి మరీ కూర్చోబెడతాడు. ఆమె నాకంటే రెండేళ్లు పెద్ద, అంతే. ఒకరోజు నాకు జ్వరంగా ఉందని, సీటు కావాలని అడిగాను. జీతంలో పెన్షన్‌కు కోస్తరా లేదా అని అడిగాడు. కోస్తారన్నాను. జ్వరం రేపటికి పోతుందని చెప్పాడు.

అసలు సంగతి ఏమిటంటే, బ్యాంకుల్లో ఒక పెన్షన్ పథకం ఉంది. నెలనెలా కొంత కట్టుకుంటూ పోతే అరవై దాటాక నెలనెలా కొంత చేతికి వస్తుంది. చేరాలంటే నలభై లోపు ఉండాలి. నలభై నిండాక ఎంత బతిమాలినా చేర్చుకోరు. నాలాంటివాళ్లకు దానితో పనిలేదు. కూలికి పోయేవాళ్లకు, తట్టలో కూరగాయలు అమ్ముకునేవాళ్లకు, బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు విప్పి చూపించేవాళ్లకు ముసలితనానికని ఉన్నది అదొక్కటే. దాని గురించి వాళ్లకు చెప్పే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

నాకూ లేదు. మా సూపరింటెండెంటు గారిది పాత పెన్షన్, నాది జీతంలో కోసే కొత్త పెన్షన్, విశ్రాంతమ్మది ఉత్త చెయ్యి. ముగ్గురం రోజూ ఒకే ఫ్యాను కింద చాయ్ తాగుతాం. పాత పెన్షన్ మంచిదా కొత్త పెన్షన్ మంచిదా అని మేమిద్దరం గంటలు గంటలు వాదించుకుంటుంటే ఆమె గ్లాసుల కోసం ఓపికగా నిలబడి ఉండేది.

తుల్సీరాంకు మాత్రం వేరే మాట లేదు. కొత్తగూడెంలో బ్యూటీ పార్లర్ నడిపే కళ్యాణి అని ఒకామె ఉండేది. ఆమె కార్డు ఇచ్చేటప్పుడు సంవత్సరం మీద బొటనవేలు గట్టిగా అదిమి పెట్టి చూపించేది. తుల్సీరాం ఏమాత్రం తొందరపడకుండా ఆ వేలు తీసేదాకా అక్కడే నిలబడేవాడు. వెనకవాళ్లు టికెట్ల కోసం గోల చేసేవారు. చివరికి ఆమె వేలు తీసేది, ఆయన ముప్పై ఆరు అనేవాడు, ఆమె ముఖం తిప్పుకునేది. వారం తర్వాత ఆమెకు ఒళ్లు మండి, నీకు దీంట్లో కమిషన్ ఎంత వస్తుందని నిలదీసింది. బస్సులో సగం మందికి అదే అనుమానం. తుల్సీరాం బాధపడలేదు సరికదా, కమిషన్ ఇచ్చేటట్టుంటే ఎవరిని అడగాలో చెప్పమని ఆమెనే అడిగాడు.

ఇక పూలి సంగతి.

పూలి జూలూరుపాడుకు ఇవతల ఒక తండా మనిషి. సీజన్లో ఏది దొరికితే అది తట్టకెత్తుకుని కొత్తగూడెం రైతుబజారు ముందు కూర్చుని అమ్ముతుంది. వానలప్పుడు బోడకాకర, తర్వాత సీతాఫలం, చలికాలం చిక్కుడు, రేగుపండ్లు. భర్త మేస్త్రీల దగ్గర కూలి. తుల్సీరాం కూడా తండా మనిషే, కాకపోతే ఏన్కూరు వైపు. ఆయన వయసు చదివినప్పుడు మిగతా ఆడవాళ్లు తల దించుకుంటారు, లేదంటే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. పూలి ఒక్కతే తట్ట దించి, నడుం మీద చెయ్యి పెట్టి, తండా భాషలో తిడుతుంది. ఏం తిట్టిందో మాకు అర్థమయ్యేది కాదు. తుల్సీరాం నవ్వును బట్టి చాలా మంచి తిట్లే అయి ఉంటాయని అనుకునేవాళ్లం.

ఒకరోజు పూలి వాళ్ల అక్క సైదమ్మను వెంటబెట్టుకుని ఎక్కింది. తుల్సీరాం రెండు కార్డులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసి, టికెట్లు కొట్టడం మర్చిపోయాడు.

"సైదమ్మ ముప్పై ఏడు. పూలి ముప్పై తొమ్మిది," అన్నాడు. "అక్క పుట్టకముందే చెల్లె పుట్టింది."

బస్సంతా నవ్వింది. నవ్వవలసిన విషయమేమీ కాదు నిజానికి. మా వైపు తండాల్లో కార్డులు తీసిన రోజుల్లో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి మనిషిని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి తోచిన సంవత్సరం వేశాడు, తేదీ మాత్రం అందరికీ జనవరి ఒకటి వేశాడు. పూలి ఆరోజు ఎండలో పత్తి ఏరి వచ్చిందట, నాలుగేళ్లు ఎక్కువ పడ్డాయి. వాళ్లమ్మకు తల నల్లగా ఉందని తక్కువ పడ్డాయి. కార్డుల ప్రకారం ఆ తల్లి పన్నెండో ఏట పూలిని కన్నది. అందుకని నడుం వంగిపోయినా ఆమెకు ముసలి పెన్షన్ రాదు. ఇప్పుడు పూలికి కూడా నిజంగా నలభై రాకముందే, వచ్చే జనవరి ఒకటికి కార్డులో నలభై నిండిపోతుంది. దిద్దించుకుందామంటే రుజువు కావాలన్నారు. పూలి బడి ముఖం చూసింది లేదు.

ఆ రోజు నుంచి తుల్సీరాం పూలిని వదల్లేదు. ఏడాది పొడుగునా ఆమె ఎక్కడం, ఆయన అరవడం. పూలీ, దసరా అయిపోయింది. పూలీ, దీపావళి అయిపోయింది. ఖాతా ఉంది కదా, జూలూరుపాడులో దిగి బ్యాంకుకు పోయి చేరు. పూలికి కోపమొచ్చేది. తట్టలో పండ్లు ఎండకు వాడిపోతే నువ్వు కొంటావా అనేది. అరవై దాకా ఎవరు బతుకుతారనేది. ఒకసారి మాత్రం తిట్టకుండా, మాకందరికీ అర్థమయ్యే తెలుగులో అంది.

"అన్నా, నాకు ఇయ్యాల సంగతే ఎల్తలేదు. అరవై ఏండ్ల సంగతి నాకెందుకు?"

తుల్సీరాం ఆమె కార్డు తిరిగి చేతిలో పెట్టాడు. టికెట్ ఇచ్చి, పక్కామె వయసు మరింత గట్టిగా చదివాడు.

డిసెంబరు వచ్చేసరికి ఆ అరుపులు భరించలేక పూలి బస్సు మానేసింది. ఉచితంగా పోయే బస్సును వదిలేసి, డబ్బులిచ్చి ఆటోలో పోవడం మొదలుపెట్టింది. ఒక మనిషి నోటికి భయపడి రోజూ చేతి నుంచి డబ్బులు పెట్టుకునే దాకా వచ్చిందంటే తుల్సీరాం ఎంత విసిగించి ఉంటాడో మీరే ఊహించుకోండి. బస్సులో మాకు ఏమీ తోచేది కాదు. తుల్సీరాం వయసులు చదువుతూనే ఉన్నాడు కానీ తిట్లు లేకపోవడంతో చప్పగా ఉండేది. పూలి తండా దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఆయన తల బయటపెట్టి చూసేవాడు. ఇంకో నాలుగు రోజుల్లో సంవత్సరం అయిపోతుందనగా డ్రైవర్ జైరాంతో, నా నోరే ఆ పిల్ల కొంప ముంచింది అన్నాడట.

పాపం పూలి తప్పించుకుందామని ఎక్కిన ఆటో కోటేష్‌ది. కోటేష్ తుల్సీరాం సొంత తమ్ముడు. ఈ విషయం ఆమెకు ముందు తెలియదు. ఆటోలో ఏం జరిగిందో తర్వాత పూలే నాకు చెప్పింది.

రెండు మూడు రోజులు ఆమె కండక్టరును తిడుతూ ఉంటే కోటేష్ నవ్వుతూ విన్నాడట. చివరికి, ఆయన మా అన్నే అన్నాడట. పూలి నాలుక కరుచుకుంది. కోటేష్ తన కథ చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. అన్నకు కండక్టరు నౌకరీ వచ్చింది, నెలనెలా పీఎఫ్ పడుతుంది. తమ్ముడికి ఆటో వచ్చింది, దాని కిస్తీ పడుతుంది. కొన్నేళ్ల కింద ఈ పథకం సంగతి తెలిసి తుల్సీరాం తమ్ముణ్ని బ్యాంకుకు తీసుకుపోయాడు. అక్కడివాళ్లు కార్డు చూసి నలభై దాటింది, కుదరదన్నారు. ఇంటికొచ్చి కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే తమ్ముడు అన్నకంటే మూడేళ్లు పెద్దవాడై ఉన్నాడు. ఆ కార్డు అన్నేళ్లూ ఇంట్లో రేకుడబ్బాలోనే ఉంది, ఎవరూ తీసి చదవలేదు. అప్పటి నుంచి తుల్సీరాంకు ఎవరి కార్డు కనపడినా పైకి చదవకపోతే ఊపిరాడదు.

"నాకు అరవై దాటినంక ఏం లేదు చెల్లె. మా అన్న ఉన్నడు," అన్నాడట కోటేష్. "తిండి పెడ్తడు, నాకు తెలుసు. కానీ రోజూ పొద్దుగాల లేపి నా వయసు చెప్తడు. అయినా సరే, నాకాయన ఉన్నడు. మీ ఇంట్ల గట్లాంటోళ్లు ఎవరున్నరు?"

పూలి ఆ రోజంతా తట్ట ముందు కూర్చుని తన వైపువాళ్లను, భర్త వైపువాళ్లను ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంది. నెల జీతం తెచ్చుకునే మనిషి ఒక్కరు కూడా తగల్లేదు. రేగుపండ్లు సగం అమ్ముడుపోకుండానే ఇంటికి తిరిగొచ్చానని చెప్పింది.

డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున, మా బస్సు జూలూరుపాడు దగ్గరపడుతుండగా వెనక నుంచి ఒక ఆటో ఆగకుండా హారన్ కొడుతూ వచ్చింది. దాటి ముందుకు పోయి అడ్డంగా ఆగింది. జైరాం బ్రేక్ వేసి కిటికీలోంచి తిట్టబోయి, కోటేష్‌ను చూసి ఆగిపోయాడు. ఆటోలోంచి పూలి తట్టతో సహా దిగి బస్సెక్కింది. కార్డు తీసి తుల్సీరాం ముఖం ముందు పెట్టింది.

"బ్యాంకు కాడ ఆపు," అంది. "నువ్వు గూడ రావాలె. వాళ్లు అడిగేదానికి జవాబు నాకు రాదు."

ఆ ఆటోలోనే నేరుగా బ్యాంకుకు పోవచ్చు కదా అని భాను నా చెవిలో అంది. పోవచ్చు. కానీ ఏడాది పాటు అరిచిన మనిషిని వదిలి ఒక్కతే పోవడానికి పూలికి మనసొప్పలేదు.

బస్సు బ్యాంకు ముందు ఆగింది. తుల్సీరాం మా అందరికీ దండం పెట్టి, జరంత సేపే అని చెప్పి, పూలిని తీసుకుని లోపలికి పోయాడు. జరంత సేపు కాస్తా చాలా సేపయింది. పెళ్లికి పోవాల్సిన పెద్దమనిషి ఒకాయన చిందులు తొక్కాడు. సంగతేమిటో చూద్దామని నేను దిగాను, నా వెనక భాను, ఆమె వెనక విశ్రాంతమ్మ. అలా ఆడవాళ్లందరం దిగాం. తిట్టడానికని పెళ్లి పెద్దమనిషి కూడా వచ్చాడు. ఇంతమందిని ఒకేసారి చూసి బ్యాంకు మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

లోపల సంగతి ఏమిటంటే, పూలి ఖాతా వాడక మూలపడింది. దాన్ని మళ్లీ తెరవాలంటే వేలిముద్ర పడాలి. మిషన్ పూలి వేలిని ఒప్పుకోవడం లేదు. రేగు ముళ్లు గీరుకుని, పత్తికాయలు గుచ్చుకుని ఆ వేళ్ల మీద గీతలే మిగల్లేదు. సబ్బుతో కడగమని భాను చెప్పింది. కొబ్బరినూనె రాయమని ఎవరో అన్నారు. విశ్రాంతమ్మ తన కొంగుతో పూలి వేళ్లు తుడుస్తూ ప్రార్థన మొదలుపెట్టింది. పెళ్లి పెద్దమనిషి తిట్టడం మానేసి, బొటనవేలు కాదు ఉంగరపు వేలు పెట్టించండని సలహా ఇచ్చాడు. బయట జైరాం హారన్ కొడుతూనే ఉన్నాడు. ఈ రోజు దాటితే ఇంకేం లేదని అక్కడున్న అందరికీ తెలుసు. తుల్సీరాం ఒక్కడే ఏమీ మాట్లాడలేదు. ఆయన నోరు మూసుకుని ఉండగా నేను మొదటిసారి చూశాను.

కౌంటర్లో కుర్రవాడు మిషన్ తుడుస్తూ పూలి కార్డు వైపు చూశాడు.

"పూలి అంటే నువ్వేనా?" అన్నాడు. "ఏడాది నుంచి నీ పేరు వింటున్న."

మాకు అర్థం కాలేదు. అతను చెప్పాడు. ఏడాదిగా ఆ కౌంటర్‌కు ఆడవాళ్లు వస్తూనే ఉన్నారట. ఈ పథకం సంగతి ఎవరు చెప్పారంటే, బస్సులో కండక్టరు పూలి అనే ఆమెను తిడుతుంటే విన్నామని చెబుతారట. మా గుంపులో ఉన్న బట్టల షాపు కవిత సిగ్గుపడుతూ నేనూ అట్లనే చేరిన అంది. ఆ వెనక హాస్టల్లో వంట చేసే ఆమె కూడా తలూపింది. పార్లర్ కళ్యాణి మాత్రం పైకప్పు వైపు చూస్తూ నిలబడింది. కుర్రవాడు ఆమెను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు.

పూలి మెల్లగా తుల్సీరాం వైపు తిరిగింది.

"అంటే ఏడాది సంది నన్ను తిట్టింది వీళ్ల కోసమా?"

తుల్సీరాం తల గోక్కున్నాడు. "నీ కోసం గూడ," అన్నాడు. "మెల్లగ చెప్తే ఒక్కరే వింటరు. గట్టిగ చెప్తే బస్సంత వింటది. మిగతావాళ్లను గట్టిగ అంటే ఏడుస్తరు పూలీ. నువ్వొక్కదానివే తిరిగి తిడ్తవ్. అందుకే నిన్ను పట్టుకున్న."

నలుగురి ముందు ఆడవాళ్ల పరువు తీస్తాడని నేను ఇన్నాళ్లు అనుకున్న మనిషి, ఎవరికీ నొప్పి తగలకుండా చెప్పడానికి బస్సు మొత్తంలో ఒక్క గట్టి మనిషిని వెతికి పెట్టుకున్నాడు. ఆయనంటే నాకు ఆ నిమిషంలో చాలా ఇష్టం కలిగింది. సీటు ఇవ్వకపోయినా సరే అనుకున్నాను.

పూలి ఏదో తండా భాషలో అంది. తుల్సీరాం చెవులు ఎర్రబడ్డాయి. ఆ కోపంతోనే ఆమె ఉంగరపు వేలు మిషన్ మీద గట్టిగా అదిమింది, పచ్చ లైటు వెలిగింది. పెళ్లి పెద్దమనిషి అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. నేను ఆఫీసుకు గంట ఆలస్యంగా పోయి, బస్సు ఆగిపోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు.

మర్నాడు జనవరి ఒకటి. పొద్దుటి ఆరాధన ముగించుకుని, కొత్త చీర కట్టుకుని, కేకు డబ్బా పట్టుకుని కొత్తగూడెంలో మా చెల్లెలి ఇంటికి అదే బస్సెక్కాను. ఆ రోజు కార్డుల ప్రకారం తండా ఆడవాళ్లందరి పుట్టినరోజు. తుల్సీరాం గొంతు సవరించుకుని అందరికీ పేరుపేరునా కొత్త వయసు అప్పజెబుతున్నాడు.

పూలి తండా దగ్గర ఎక్కింది. తట్ట దించి కార్డు ఇచ్చింది. ఆమె వెనక ముత్యాలు అనే చిన్న వయసు పిల్ల ఎక్కింది. పెళ్లయి కొత్తగా ఆ తండాకు వచ్చింది, పూలితో పాటు చిక్కుళ్లు అమ్ముకోవడానికి బయలుదేరింది. తుల్సీరాం పూలి కార్డు చూశాడు. బస్సంతా చెవులు రిక్కించింది. ఆయన ఏమీ అనలేదు. ఇక ఆమెను విసిగించే పని లేదు కదా అనుకున్నాడో ఏమో, టికెట్ కొట్టి మర్యాదగా చేతిలో పెట్టాడు.

పూలి కదల్లేదు. "ఏంది, చెప్పవా?"

"నలభై," అన్నాడు తుల్సీరాం, ఆమెకొక్కదానికే వినబడేట్టు.

పూలి నడుం మీద చెయ్యి పెట్టుకుని, వెనక ముత్యాలు ఎక్కడ కూర్చుందో ఒకసారి చూసింది.

"గట్టిగ చెప్పన్నా," అంది. "ఆ పిల్లకు ఇనబడ్తలేదు."